ఉక్రెయిన్ చిత్రకారిణిని ఉగాదికి పిలిచే ముందు

మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. కెనడాలోని ఎడ్మంటన్‌లో మీ పక్క ఫ్లాట్‌లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరం నుంచి వచ్చిన చిత్రకారిణి ఉంటున్నారు. వారమంతా హోటల్లో గదులు సర్దుతారు, శనివారం ఫార్మర్స్ మార్కెట్‌లో రంగుల గుడ్లు అమ్ముతారు. ఇలా గుడ్లు అమ్ముకుంటుంటే వాళ్ల సంస్కృతి నిలుస్తుందా, లేక ఒక తరం గడిచేసరికి ఇక్కడి జనంలో కలిసిపోతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. మీ తెలుగు సంఘం ఉగాదికి ఆవిడను పిలిస్తే ఏం చేయించాలన్నది రెండోది. నేను ఇదే ఊళ్లో ఒక కమ్యూనిటీ సెంటర్‌లో చేతిపనుల తరగతులు చూసుకునే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. 2022లో రష్యా దాడి మొదలయ్యాక వచ్చిన ఉక్రెయిన్ కళాకారులతో నాకు తరచూ పని పడుతుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, నిలుస్తుంది. కాకపోతే అమ్మకాల వల్ల కాదు, నేర్పడం వల్ల. ఈ రెండింటికీ తేడా తెలిస్తే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ముందు ఆ గుడ్డు సంగతి. దాన్ని పిసాంకా అంటారు. పద్ధతి మన బాతిక్ అద్దకం లాంటిదే: రంగు అంటకూడని చోట మైనం పెట్టాలి. చిన్న కర్రకు రాగి గరాటు బిగించిన కిస్త్కా అనే పనిముట్టును కొవ్వొత్తి మీద వేడిచేసి, తేనెమైనాన్ని కరిగించి, తెల్ల గుడ్డు మీద సన్నని గీతలు పెడతారు. తెల్లగా మిగలాల్సిన చోట మైనం పెట్టాక పసుపులో ముంచుతారు. పసుపుగా మిగలాల్సిన చోట మళ్లీ మైనం, తరువాత నారింజ, ఎరుపు, చివరికి నలుపు. ఆఖరున మంట దగ్గర పెట్టి మైనం తుడిచేస్తే రంగులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. మధ్యలో గీత తప్పితే దిద్దుకునే వీలు లేదు. తినడానికి ఉడకబెట్టి ఒకే రంగు వేసేవి క్రాషాంకాలు. పిసాంకా పచ్చి గుడ్డు మీద చేస్తారు, తినరు. 2024 డిసెంబరులో యునెస్కో ఈ కళను ఉక్రెయిన్, ఎస్టోనియాల పేరు మీద ఉమ్మడిగా తన జాబితాలో చేర్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. కాస్త పనితనం ఉన్న పిసాంకాకు ఆరు గంటలు పట్టిందనుకుందాం. మన అల్బెర్టా రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 15 డాలర్లు. అంటే రంగులు, మైనం, బల్ల అద్దె కలపకుండానే 90 డాలర్లు కావాలి. సంతలో నిలబడి చూస్తున్నవాళ్లు అంత పెట్టరు. దాంతో ఏమవుతుందంటే, గంటలో అయిపోయే ముగ్గులే చేయడం మొదలవుతుంది: నక్షత్రం, గోధుమ కంకి, నీలం పసుపు జెండా రంగులు. కార్పాతియన్ కొండల్లోని కొస్మాచ్ ఊరి వాళ్లు చేసే వెంట్రుకవాసి గీతల పిసాంకాలు బల్ల మీద కనిపించవు, ఎందుకంటే వాటికి గిట్టుబాటు ధర లేదు. సంత కళను బతికిస్తుందని అందరూ అంటారు కానీ, నేను చూసినంతలో అందులోని తేలిక భాగాన్నే బతికిస్తుంది.

అదే మనిషి పన్నెండు మందిని కూర్చోబెట్టి మూడు గంటల తరగతి చెప్పి, తలకు 40 డాలర్లు తీసుకుంటే 480 వస్తాయి. ఆ పన్నెండు మందిలో ఇద్దరు మళ్లీ వస్తారు. ఆ ఇద్దరికి ఆవిడ కొస్మాచ్ గీత చూపించగలుగుతారు. హోటల్ పని వదలడానికి ఇది చాలదు. వారానికి ఒక షిఫ్టు తగ్గించుకోవడానికి చాలు. కళాకారులకు కొత్త దేశంలో ముందుగా కావాల్సింది ఆ ఒక్క షిఫ్టే. కొత్త బతుకు, పాత కళ అని వేరువేరుగా మాట్లాడతాం గానీ, ఆ షిఫ్టు దొరికేదాకా రెండూ ఒకే గంటల కోసం పోటీ పడుతుంటాయి.

నేర్పడమే నిలబెడుతుందన్న మాట నా సొంత అభిమానం కొద్దీ అంటున్నది కాదు. ఉక్రెయిన్ వాళ్ల చరిత్రలోనే దీనికి రుజువులున్నాయి, వాళ్లకు ఇల్లు వదలడం ఇది మొదటిసారి కాదు గనుక.

1919లో స్వతంత్ర ఉక్రెయిన్ గణతంత్రం ఒలెక్సాండర్ కోషెత్స్ నాయకత్వంలో ఒక గాయక బృందాన్ని యూరప్‌కు పంపింది. మేమూ ఒక జాతి, మాకూ ఒక సంగీతం ఉందని చెప్పడానికి. వాళ్లు ఊళ్లు తిరుగుతుండగానే వెనక గణతంత్రం పడిపోయింది. వాళ్ల కార్యక్రమంలో ప్రాణంలాంటి 'షెద్రిక్' పాటను కూర్చిన మైకోలా లెయొంతోవిచ్‌ను 1921 జనవరిలో సోవియట్ రహస్య పోలీసు మనిషి ఒకడు కాల్చి చంపాడు. 1922 అక్టోబరు 5న ఆ పాట న్యూయార్క్ కార్నెగీ హాల్లో వినిపించింది. 1936లో ఇంగ్లిష్ మాటలు తొడుక్కుని 'క్యారల్ ఆఫ్ ది బెల్స్' అయింది. డిసెంబరు వస్తే మీ ఆఫీసు లిఫ్టులో మోగేది అదే. దీన్ని అందరూ పెద్ద విజయంగా చెబుతారు. నాకు మాత్రం కోషెత్స్ చివరి రోజుల్లో చేసిన పని ఇంతకన్నా పెద్దదనిపిస్తుంది. తిరిగి వెళ్లే దారి లేక ఉత్తర అమెరికాలోనే ఉండిపోయిన ఆయన, 1940లలో కెనడాలోని విన్నిపెగ్‌లో వేసవి తరగతులు పెట్టి గాయక బృందాలను నడిపేవాళ్లను తయారుచేశాడు. 1944లో అక్కడే పోయాడు. లిఫ్టులో మోగే పాట ఉక్రెయిన్‌దని చాలామందికి తెలియదు. ఆ తరగతుల్లో నేర్చుకున్నవాళ్ల చేతిలో మాత్రం పాట తన భాషలోనే ఉండిపోయింది.

ఇంకొకటి బందూర. వీణ కన్నా వెడల్పుగా, ఒళ్లో నిలబెట్టుకుని మీటే తంత్రీవాద్యం. 1918లో కీవ్‌లో మొదలైన బందూర గాయక బృందం రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ చేరింది. యుద్ధం అయ్యాక ఇంగోల్‌స్టాట్ శరణార్థి శిబిరంలో ఉండి, హ్రిహోరి కితాస్తి నాయకత్వంలో 1949లో అమెరికాలోని డెట్రాయిట్‌కు వచ్చింది. అక్కడ చాలామంది పగలు ఏదో ఒక పని చేసుకుంటూ, సాయంత్రం సాధన చేసేవారు. మీ పొరుగావిడ ఊరికి చెందిన కథ కూడా ఇందులో ఉంది. ఖార్కివ్ పద్ధతి అని బందూర వాయించే తీరు ఒకటుంది, రెండు చేతులూ తీగలన్నిటి మీదా తిరిగేది. దాన్ని రూపుదిద్ది నేర్పిన హ్నాత్ ఖోత్కెవిచ్‌ను 1938లో సోవియట్ ప్రభుత్వం కాల్చి చంపింది. సొంత గడ్డ మీద ఆ పద్ధతి దాదాపు అడుగంటిపోయింది. ప్రవాసంలో మాత్రం ఆ రకం వాద్యాలు చేసేవాళ్లు, ఆ రకంగా వాయించడం పిల్లలకు నేర్పేవాళ్లు మిగిలారు. 1991లో ఆ డెట్రాయిట్ బృందం ఉక్రెయిన్ వెళ్లి వాయించింది. బయటికి పోయినది ఇంటికి తిరిగి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రవాసంలో దాచుకున్నది దాచుకున్న రోజు దగ్గరే ఆగిపోతుంది. మన అల్బెర్టాకు ఉక్రెయిన్ వాళ్లు రావడం 1891 తరువాత మొదలైంది. ఎక్కువగా గలీసియా, బుకోవినా పల్లెల రైతులు, అప్పటి ఆస్ట్రియా హంగరీ పాలనలోని వాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్లలో వేలమందిని శత్రుదేశస్థులని చెప్పి కెనడా నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. అయినా నిలదొక్కుకున్నారు. వెగ్రెవిల్‌లో 1975లో పెట్టిన పెద్ద అల్యూమినియం పిసాంకా వాళ్ల గుర్తే. హైవే 16 మీద తూర్పుకు వెళ్తే ఆ ఊరు వస్తుంది. ఎడ్మంటన్ బడుల్లో 1974 నుంచి ఉక్రెయినియన్, ఇంగ్లిష్ కలిపి చెప్పే తరగతులున్నాయి. షుమ్కా నృత్య బృందం 1959 నుంచి ఉంది. ఇంత పునాది ఉన్న ఊరికి రావడం ఆవిడ అదృష్టమే.

కానీ ఈ పునాది పశ్చిమ ఉక్రెయిన్ పల్లెది, వంద ఏళ్ల కిందటిది. 2022లో వచ్చినవాళ్లలో ఎంతోమంది ఖార్కివ్, మరియుపోల్, ద్నిప్రో నగరాల వాళ్లు. ఇంట్లో రష్యన్ మాట్లాడుతూ పెరిగినవాళ్లూ ఉన్నారు. వీడియో కళ, గ్రాఫిక్ డిజైన్, రంగస్థల అలంకరణ చేసినవాళ్లు. కిస్త్కా అనేదాన్ని ఎడ్మంటన్‌లో మొదటిసారి, అదీ ఉక్రెయినియన్ సరిగా రాని నాలుగో తరం కెనడా బామ్మగారి దగ్గర పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లను చూసి పాతవాళ్లలో కొందరు నొచ్చుకుంటారు: వీళ్లకు వాళ్ల సొంత పాటలే రావని. కొత్తవాళ్లు నవ్వుకుంటారు: వీళ్లు ఇంకా మా ముత్తవ్వ కాలంలోనే ఉన్నారని. ఈ చిరుకోపాలు చూసి బయటివాళ్లు కంగారుపడతారు గానీ, నాకు అది మంచి లక్షణంగానే కనిపిస్తుంది. ఒక హాల్లో ఇద్దరు ఒక ముగ్గు గురించి గొడవపడుతున్నారంటే దానితో వాళ్లకింకా పని ఉందన్నమాట.

మీ పొరుగావిడ విషయంలో ఇది ముఖ్యం. ఖార్కివ్ చిత్రకారిణికి ఆవిడ వారసత్వం పిసాంకా అని మనం అనుకుంటే ఆవిడను చిన్నచేసినట్టే. ఖార్కివ్ 1934 దాకా సోవియట్ ఉక్రెయిన్ రాజధాని. 1920లలో కొత్త సాహిత్యానికి, నాటకానికి అదే కేంద్రం, ఆ తరాన్ని 1930లలో కాల్పులతో, శిబిరాలతో తుడిచిపెట్టారు. 1970ల నుంచి అక్కడ ఫోటోగ్రఫీలో ఒక సొంత ధోరణి ఉంది, బోరిస్ మిఖైలోవ్ అందులోవాడే. 2022లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఉక్రెయిన్ తరఫున నిలిచింది కూడా ఖార్కివ్‌లో ఏళ్లతరబడి పనిచేసిన పావ్లో మాకోవ్. గరాటులను మెట్లుమెట్లుగా అమర్చి, పైన పోసిన నీరు చీలుతూ చీలుతూ కిందికొచ్చేసరికి చుక్కలుగా మిగిలే కట్టడం ఆయనది. యుద్ధం మొదలైన రోజునే ఆ ప్రదర్శన ఏర్పాట్లు చూసే క్యురేటర్ మరియా లాంకో ఆ 78 గరాటులను కారులో వేసుకుని కీవ్ వదిలి, సరిహద్దులు దాటించి తీసుకెళ్లారు. మీ పొరుగావిడ దగ్గర ఇలాంటి పని ఏదైనా ల్యాప్‌టాప్‌లోనో పెట్టె అడుగునో ఉండొచ్చు. ఎప్పుడైనా అడిగారా? సంతలో బల్ల ముందు ఆగినవాళ్లెవరూ అడగరు, జనానికి కావాల్సింది గుడ్డే కాబట్టి.

కొత్తగా వచ్చినవాళ్లు తెచ్చేది కూడా తక్కువేం కాదు. పెత్రికివ్‌కా చిత్రలేఖనం ఉంది, ద్నిప్రో ప్రాంతంలోని పెత్రికివ్‌కా ఊరిది. ఇళ్ల గోడల మీద పూలు, పిట్టలు వేసే అలవాటు నుంచి వచ్చింది. పిల్లి వెంట్రుకలతో కట్టిన సన్నని కుంచెతో, ముందు గీత గీసుకోకుండా, ఒక్క ఒత్తులో రేకు వేసేస్తారు. 1930లలో ఆ ఊళ్లో బడి పెట్టి తెత్యానా పాతా అనే పల్లెటూరి చిత్రకారిణి చేత పిల్లలకు నేర్పించారు. తరువాతి పేరున్న కళాకారులు ఎంతోమంది ఆ బడి వాళ్లే. 2013లో యునెస్కో గుర్తించింది. అల్బెర్టా పాత వలస కుటుంబాలకు ఇది ఇంటి కళ కాదు, వాళ్లు వచ్చిన ప్రాంతం వేరు. ఇప్పుడు ద్నిప్రో నుంచి వచ్చినవాళ్ల వల్ల ఇక్కడి పిల్లలు ఆ కుంచె పట్టుకుంటున్నారు.

ఈసారి వలసకు ఇంకో ప్రత్యేకత ఉంది, బయటివాళ్లకు తట్టనిది. యుద్ధకాలపు చట్టం కింద 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటడానికి వీల్లేకపోయింది (2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్ల వాళ్లకు సడలించారు). అందుకని వచ్చినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. గాయక బృందం కడదామంటే కింది స్వరాలు పాడే మగ గొంతులు దొరకవు. హొపాక్ నృత్యంలో గాల్లోకి ఎగిరేది మగవాళ్లే, వాళ్లు లేరు. ఇక్కడి పాత కుటుంబాల కుర్రాళ్లతో ఆ ఖాళీ పూరించుకున్న చోట పాతా కొత్తా త్వరగా కలిశాయి. అలా వీల్లేనిచోట ఆడవాళ్లు తమ గొంతులకు తగ్గట్టు పాటలను మళ్లీ అమర్చుకుంటున్నారు. పైగా సాధనకు వచ్చిన మనిషికి భర్త యుద్ధంలో ముందువరుసలో ఉండొచ్చు, ఫోన్ పక్కన పెట్టమంటే పెట్టలేరు. మేం మా తరగతుల్లో ఫోన్ల మీద నియమం ఎత్తేశాం.

1949లో డెట్రాయిట్ చేరినవాళ్లకు ఇంటి తలుపు మూసుకుపోయింది. ఇప్పటివాళ్లకు మూసుకుపోలేదు. ఇక్కడ ఉదయం 6 అంటే కీవ్‌లో మధ్యాహ్నం 3. షిఫ్టుకు వెళ్లే ముందు ల్యాప్‌టాప్ తెరిచి, అక్కడి పిల్లలకు బొమ్మల పాఠం చెప్పి వెళ్లేవాళ్లున్నారు. మధ్యలో అక్కడ కరెంటు పోతుంది, సైరన్ మోగితే పిల్లలు నేలమాళిగకు వెళ్తారు, పాఠం మరుసటి రోజుకు వాయిదా. సంస్కృతి బయట భద్రంగా ఉంది, లోపల పోతోంది అన్న పాత లెక్క ఇప్పుడు సరిపోదు. లోపల నష్టం మాత్రం నిజమే. 2022లో రష్యా సైన్యం తాను ఆక్రమించిన ఖెర్సన్ నగరం వదిలి వెళ్తూవెళ్తూ అక్కడి కళా మ్యూజియం నుంచి వేల చిత్రాలను క్రిమియాకు తరలించింది. అదే ఏడాది మే నెలలో తత్వవేత్త స్కొవొరొదా మ్యూజియం క్షిపణికి కాలిపోయింది. అయినా అక్కడ కొత్త పని ఆగలేదు, అది రోజూ వీళ్ల ఫోన్లలోకి వస్తూనే ఉంది.

వీళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది కాగితాలు. 2022 మార్చిలో కెనడా తెచ్చిన ప్రత్యేక అనుమతి కింద దాదాపు 3 లక్షల మంది వచ్చారు. మూడేళ్ల దాకా ఉండటానికి, ఎక్కడైనా పని చేసుకోవడానికి అది వీలిచ్చింది. కానీ అది తాత్కాలికమే, శాశ్వత నివాసం దానంతట రాదు. యూరోపియన్ యూనియన్ కూడా తన తాత్కాలిక రక్షణను పొడిగిస్తూ పోతోంది, ఇప్పటికి 2027 మార్చి దాకా. దీని ప్రభావం కళ మీద ఎలా ఉంటుందో చూడండి. వచ్చే ఏడాది ఇక్కడ ఉంటానో లేదో తెలియని కుమ్మరి బట్టీ కొనరు. స్టూడియో లీజు మీద సంతకం పెట్టరు. చాలా కళా గ్రాంట్లకు పౌరసత్వమో శాశ్వత నివాసమో అడుగుతారు. అందుకే వాళ్ల పనులు సూట్‌కేసులో పట్టే సైజులోకి దిగిపోతాయి: గుడ్లు, కుట్టుపని, చిన్న కాగితాలు. అది అభిరుచి అనుకుని మనం మెచ్చుకుంటాం.

ఇక మీ ఉగాది. ముందు డబ్బు సంగతి తేల్చండి. సంఘం కార్యక్రమమని, సాంస్కృతిక మార్పిడి అని చెప్పి ఉచితంగా రమ్మనొద్దు. మన కూచిపూడి టీచరుకు ఇచ్చేంత ఇవ్వండి, సగం ముందే ఇవ్వండి, సరుకులు కొనుక్కోవాలి కదా. కార్యక్రమం శనివారం పెడితే ఆ రోజు సంత బల్ల కూడా పోతుందని గుర్తుంచుకోండి.

వేదిక మీదికి పిలిచి యుద్ధం గురించి రెండు మాటలు చెప్పమనకండి. మనవాళ్లు జాలితోనే అడుగుతారు, తెలుసు. 2022లో ఉక్రెయిన్ మెడికల్ కాలేజీల నుంచి ఇంటికి చేరిన తెలుగు పిల్లల కుటుంబాలు మీ సభలోనే ఉండొచ్చు, వాళ్లకు ఆవిడతో మాట్లాడాలని ఉంటుంది. అది భోజనాల దగ్గర, ఆవిడ ఇష్టపడితే. కుట్టుపని చొక్కా వేసుకు రమ్మని కూడా చెప్పకండి, వేసుకోవాలనిపిస్తే ఆవిడే వేసుకుంటారు. మాటల్లో రష్యన్ దొర్లితే దాన్ని పట్టుకోకండి. 'రష్యా, ఉక్రెయిన్ కళలు' అని కలిపి కరపత్రం మాత్రం దయచేసి వేయకండి.

ఏం చేస్తారో ఆవిడనే అడగండి. తన బొమ్మలు చూపిస్తానంటే తెర, ప్రొజెక్టరు, ఇరవై నిమిషాలు ఇవ్వండి. పిసాంకా అంటే వేదిక వద్దు, పక్క గదిలో బల్లలు వేసి పదిమందికి మించకుండా తరగతి పెట్టండి. పిల్లలకే కాదు, పెద్దవాళ్లకు కూడా పేర్లు ఇచ్చే అవకాశం ఉండాలి. మళ్లీ వచ్చే ఆ ఇద్దరు సాధారణంగా యాభై దాటిన ఆడవాళ్లే. ఉగాది అయ్యాక నెలకొకసారి సంఘం హాలు ఆదివారం మధ్యాహ్నం అద్దె లేకుండా ఇవ్వగలిగితే, అది శాలువా కప్పడం కన్నా ఎన్నో రెట్లు పనికొస్తుంది. ఆవిడకు చిన్న పిల్లలుంటే ఆ మూడు గంటలూ ఎవరు చూస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. మా దగ్గర తరగతులు ఆగిపోయింది ఎక్కువగా పిల్లల్ని చూసేవాళ్లు లేకే.

తేదీ గురించి ఒక మాట. పిసాంకాలు చేసేది ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలంలో. మన ఉగాది దాదాపు ఎప్పుడూ అదే కాలంలో పడుతుంది. ఆవిడకు ఏడాదిలో నాలుగు డాలర్లు కళ్లజూసే వారాలు అవే, కాబట్టి జనవరిలోనే అడిగి పెట్టుకోండి. హాలు వాళ్లకు కొవ్వొత్తుల సంగతి కూడా అప్పుడే చెప్పండి. మంట వెలిగించనివ్వని హాళ్లున్నాయి, అలాంటిచోట కరెంటుతో వేడెక్కే కిస్త్కాలు తెప్పించుకోవాలి, అవి రావడానికి టైము పడుతుంది.